గడప దాటిన చీటీ

ఆఫీసులో అందరూ ఆయన్ని చీటీలాయన అనేవాళ్లు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది, అక్కడే ఉండిపోయింది. ఇరవై రెండేళ్లుగా ఆయన పని ఒక్కటే. కింది గదిలోని చెక్క పెట్టెలు పొద్దున పై అంతస్తుకి మోయడం, సాయంత్రం మళ్లీ కిందికి దించడం. పెట్టెల నిండా అరచేయంత లేత పసుపు అట్ట చీటీలు. ఒక్కో చీటీ మీద ఒక లాటిన్ మాట, అది కనిపించిన వాక్యం, ఏ పుస్తకం, ఎన్నో పేజీ. పైన కూర్చున్న పండితులు ఆ చీటీలు చూసి, లాటిన్ నుంచి మన భాషలోకి నిఘంటువు తయారు చేస్తుంటారు. చేస్తూనే ఉంటారు. నల్లజుట్టుతో మొదలుపెట్టినవాళ్లు మూడో సంపుటం నాటికి బట్టతలలు తడుముకుంటూ మిగిలారు.

పెట్టెలు మోసేవాడికి లాటిన్ ఎవరూ నేర్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు, ఎందుకంటే ఆయన్ని ఎవరూ చూడలేదు. తీసిన చీటీ మళ్లీ దాని చోట్లో పెట్టాలంటే అక్షరక్రమం తెలియాలి. అక్షరాలు వచ్చాక మాటలు కూడబలుక్కున్నాడు. మాటలు పట్టుబడ్డాక వాక్యాల మీద కన్ను పడింది. పాత పుస్తకాల బండి మీద అట్టలూడిన వ్యాకరణం ఒకటి దొరికితే, భోజనం వేళల్లో మెట్ల కింద కూర్చుని ఆరేళ్లు నమిలాడు. కొందరికి చదువు పీట వేసి వడ్డిస్తారు. కొందరు కింద రాలిన మెతుకులు ఏరుకుంటారు. చిత్రమేమిటంటే, ఏరుకున్నవాడికే ఒంటబడుతుంది.

ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, సాయం అడగకపోవడం. పెట్టె ఇద్దరు పట్టాల్సిన బరువు. ఒక్కడే ఎత్తేవాడు. నడుము పట్టేస్తే మెట్ల మలుపులో గోడకి చేరగిలబడి, ఎవరైనా వస్తుంటే, "ఇక్కడ గోడ భలే చల్లగా ఉందండీ" అనేవాడు. వచ్చినవాళ్లు కూడా తెలివైనవాళ్లే. "అవునవును" అనేసి పక్కనుంచి ఎక్కిపోయేవాళ్లు.

అలాంటి మనిషి చేతికి 'యువారె' అనే క్రియ వచ్చింది. లాటిన్‌లో సాయం చేయడమని దాని అర్థం.

వచ్చిందిలా. ఆ అక్షరం చూసే ఆవిడ కాన్పుకి సెలవు పెట్టింది. ఆవిడ బల్ల మీద యువారె చీటీలు నలభై మిగిలిపోయాయి. ప్రధాన సంపాదకుణ్ణి అందరూ పెద్దాయన అంటారు. ఆయన ఓ రోజు అటుగా వెళ్తూ, చీటీలాయన ఆ బల్ల దగ్గర వంగి ఏదో సర్దుతుంటే చూశాడు.

"ఏం చేస్తున్నావోయ్ అక్కడ?"

"రెండు చీటీలు తప్పు కట్టలో పడ్డాయండీ. వీటిలో అర్థం మనిషి మనిషికి సాయం చేయడం కాదు. మందు రోగానికి పనిచేయడం."

పెద్దాయన చీటీ చదివాడు. మనిషిని చూశాడు. మళ్లీ చీటీ చదివాడు.

"అయితే ఈ మాట నువ్వే రాయి. మూడు వారాలు టైము."

పక్క బల్ల దగ్గరున్న ఉప సంపాదకుడు కుర్చీలోంచి సగం లేచాడు. ఈయన్ని రెండు డిగ్రీలాయన అనేవాళ్లు. తలుపు మీది పలకలో ఆయన పేరుకంటే డిగ్రీలే పొడుగ్గా ఉంటాయి.

"పెట్టెలు మోసేవాడి చేత క్రియలు రాయిస్తే, రేపు తోటమాలి చేత నామవాచకాలు రాయించాలండీ."

"తోటమాలికి వస్తే రాయిద్దాం. నీకేమైనా చెప్పాడా వచ్చని?"

ఆ ఆఫీసులో ఓ ఆచారం ఉంది. ఏ మాట రాసినవాళ్లు, ఆ మాట చివర తమ ఇంటిపేరులో మొదటి అక్షరం, తమ పేరులో మొదటి అక్షరం చిన్నగా అచ్చు వేయించుకుంటారు. రెండే అక్షరాలు. భూతద్దం పెడితే తప్ప కనబడవు. కానీ ఆ రెండక్షరాలు ఉన్నవాడికి పైన కిటికీ పక్కన కుర్చీ. లేనివాడికి కింద పెట్టెలు, పెన్షను దాకా. చీటీలాయన ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ దారి పొడుగునా ఆ రెండక్షరాలూ గాల్లో వేలితో రాసుకున్నాడు. ఎదురొచ్చినవాళ్లు దోమల్ని తోలుకుంటున్నాడనుకున్నారు.

చీటీలు ఇంటికి తేకూడదు. మెట్ల దగ్గర పలక మీద ఎర్రరంగుతో రాసి ఉంటుంది, 'చీటీ గడప దాటకూడదు' అని. దాటితే దాన్లో ఎవరేం మార్చారో ఎవరికి తెలుసు? అందుకని గడప దాటిన చీటీ చచ్చిన చీటీ కింద లెక్క. రాసేటప్పుడు తప్పుపోయి కొట్టేసిన చీటీలు మాత్రం తెచ్చుకోవచ్చు. ఆయన అవి తెచ్చుకుని వాటి మూలల్లో వాక్యాలు రాసుకునేవాడు. వాటి వెనకవైపు ఆయన భార్య శనివారం సరుకుల జాబితా రాసేది. ఆ ఇంట్లో అట్ట ముక్క ఏదీ వృథా కాలేదు.

భార్య ముందు గదిలో మిషను కుట్టేది. ఆవిడ చక్రం తొక్కుతుంటే ఈయన పక్కన పీట మీద కూర్చుని అడిగేవాడు.

"ఒకడు ఇంకొకడికి సాయం చేశాడనుకో. దానికి మన దగ్గర ఎన్ని మాటలున్నాయంటావ్?"

"మాటలు బోలెడున్నాయి. చేసేవాళ్లే లేరు."

"అబ్బా, చెప్పవే."

ఆవిడ దారం పళ్లతో తెంపింది. "పడిపోయేవాణ్ణి ఆదుకుంటాం. నడిచేవాడికి తోడ్పడతాం. బరువెత్తేవాడికి ఓ చెయ్యి వేస్తాం. మీలాంటివాళ్లకైతే అడక్కుండా చేసి తిట్లు తింటాం."

చివరిది వదిలేసి మిగతావి రాసుకున్నాడు. తోడుగా యుద్ధానికి వచ్చిన సేన గురించిన చీటీలకి 'తోడ్పడు'. ఇల్లు కాలినవాడికి పక్కింటివాళ్లు చేసినదానికి 'ఆదుకొను'. కషాయం దగ్గుకి, ఎరువు నేలకి చేసేదానికి 'మేలు చేయు'. రెండు డిగ్రీలాయన అన్నింటికీ కలిపి 'సహాయమొనర్చు' అని ఒక్క ముక్క రాసి పడేసేవాడే.

"ఇంకో తమాషా విను. మనం ఒకరికి సాయం చేస్తాం. లాటిన్‌వాడు ఒకరిని సాయం చేస్తాడు."

"అంటే మనిషిని గట్టిగా పట్టుకుని చేస్తాడన్నమాట. వదిలితే పారిపోతారని కాబోలు, మీలాగా."

"మూడోది ఇంకా తమాషా. ఇదే క్రియని హాయిగా ఉందని చెప్పడానికీ వాడతారు."

ఆవిడ కాలు ఆగింది. "ఎవరికి హాయి? చేసినవాడికా, చేయించుకున్నవాడికా?"

"అదేం లేదు. ఊరికే, ఏదైనా బాగుంటే. నాకు హాయి, అంతే."

"రెండూ తెలీని మనిషికి ఇచ్చారు చూడండి ఈ మాట!" అని మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది.

ఆ మూడో అర్థం దగ్గరే ఆయన బండి ఆగింది. నిఘంటువులో ఏ అర్థమైనా విడిగా నిలబడాలంటే మూడు చీటీల సాక్ష్యం కావాలి. అందులో ఒక్కటైనా పద్యం కాకుండా మామూలు వచనంలోంచి రావాలి. హాయికి రెండే ఉన్నాయి, రెండూ పద్యాలే. "పద్యంలో ఏమైనా అంటారు. వచనంలో ఆ అర్థం లేనే లేదు, కొట్టేయ్" అన్నాడు రెండు డిగ్రీలాయన. చీటీలాయన కొట్టేయలేదు. అరువు తెచ్చిన పుస్తకాలన్నీ రెండు వారాలపాటు జల్లెడ పట్టాడు. ఆఖరికి, వెన్ను విరిగిన ఓ ఉత్తరాల పుస్తకంలో, పేరు తెలియని ఓ పొలం పెద్ద తన తమ్ముడికి రాసిన ముక్క దొరికింది. *మానే ఇన్ హోర్తో అంబులారె మే యువత్.* పొద్దున్నే తోటలో నడవడం నాకు హాయి.

అది దొరికింది శనివారం మధ్యాహ్నం. కుట్టు వేయడానికి ఆ పుస్తకాన్ని పట్టుకెళ్లే బైండరు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మళ్లీ రావడానికి రెండు నెలలు. గబగబా చీటీ రాశాడు. రాసినదాన్ని రెండోవాళ్లు పుస్తకంతో పోల్చి చూసి మూలన టిక్కు పెట్టి సంతకం చేయాలి. రెండు డిగ్రీలాయన అప్పుడే టీకి లేస్తున్నాడు. పుస్తకం వంక, చీటీ వంక, తలుపు వంక ఒకేసారి చూసి, టిక్కు కొట్టి, గీత గీసి వెళ్లిపోయాడు. ఈలోగా కింది గదికి తాళం పడింది. ఇరవై రెండేళ్లలో మొట్టమొదటిసారి, చీటీలాయన ఓ చీటీని జేబులో వేసుకుని గడప దాటాడు. ఒక్క ఆదివారమే కదా అనుకున్నాడు. ఎడమ జేబు ఆఫీసుది, కుడి జేబు ఇంటిది. ఆయన లెక్క ఆయనకుంది.

సోమవారం పొద్దున ఎడమ జేబులోంచి చీటీ తీసి హాయి కట్టలో పెట్టి, దారం ముడివేశాడు. మంగళవారం పదకొండింటికి పెద్దాయన ఆ కట్ట విప్పాడు. నాలుగింటికి ప్రెస్సువాళ్లు వచ్చి కాగితాలు పట్టుకెళ్తారు. రెండు డిగ్రీలాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చీటీలాయన కూడా నిలబడ్డాడు, కుర్చీ ఎవరూ చూపించలేదు కాబట్టి.

మొదటి అర్థం బాగుందన్నాడు పెద్దాయన. రెండోది ఇంకా బాగుందన్నాడు. మూడోదాని దగ్గర రెండు పద్యాలూ చూసి, మూడో చీటీ తీశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్లజోడు పైకి నెట్టి బిగ్గరగా చదివాడు.

"ఉల్లిపాయలు రెండు కిలోలు. బట్టల సబ్బు నాలుగు. అగ్గిపెట్టెలు. ఉప్పు. మిరియాలు కొంచెం, పోయినసారి పురుగులున్నవి ఇచ్చాడు, చూసి తెండి."

చీటీలాయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది వచనమే, కాదనను," అన్నాడు పెద్దాయన. "కానీ లాటిన్ కాదు."

"నేనెప్పుడో చెప్పానండీ," అన్నాడు రెండు డిగ్రీలాయన. "వచనంలో ఆ అర్థం లేదు. అలాంటి చీటీ నేను చూడనేలేదు."

"ఉందండీ, రాశాను. పుస్తకం బైండింగుకి పోయింది..." అన్నాడు చీటీలాయన.

పెద్దాయన గడియారం చూశాడు. "నాలుగింటి లోపు చీటీ నా బల్ల మీద ఉంటే హాయి ఉంటుంది. లేకపోతే మూడో అర్థం ఎగిరిపోతుంది. సగం మాట రాసినవాడి అక్షరాలు కింద వేయను, అది నీకూ తెలుసు."

ఇంటికి ఎలా పరిగెత్తాడో ఆయనకే తెలియదు. భార్య మిషను మీదనుంచి తలెత్తింది.

"శనివారం నా చొక్కా జేబుల్లోవి ఏం చేశావ్?"

"ఏం చేస్తాను? చొక్కా ఉతకడానికి వేసి, వేరేది ఇచ్చాగా. ఉన్నవి ఉన్నట్టు దాన్లో పెట్టాను."

"ఎడమది ఎడమలో పెట్టావా?"

"చీటీకి కుడీ ఎడమా ఉంటాయా ఏవిటి? రెండూ ఒకే రంగు!"

అప్పుడర్థమైంది. శనివారం సాయంత్రం కుడి జేబులోంచి తీసి ఆయన సరుకుల కొట్టులో ఇచ్చింది జాబితా కాదు, పొలం పెద్ద రాసిన తోట చీటీ. కానీ ఉల్లిపాయలు వచ్చాయి, సబ్బు వచ్చింది, పురుగుల్లేని మిరియాలు కూడా వచ్చాయి కదా!

"పదండి, నేనూ వస్తాను," అంది భార్య.

"వద్దు, నేను చూసుకుంటాలే."

"చూసుకున్నది చాల్లెండి," అని చెప్పులు వేసుకుంది.

కొట్టు మధ్యాహ్నం రద్దీలో ఉంది. చీటీలాయన గుమ్మం పక్కన నిలబడ్డాడు. అడగాలి. నోరు రాలేదు. గోడకి మూడు ఇనుప తీగలు వేలాడుతున్నాయి, వాటికి గుచ్చిన జాబితాలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. మెల్లగా చెయ్యి చాపి ఒక తీగ కిందికి లాగబోయాడు. మొత్తం గుత్తి మీదపడింది, నడుము పట్టేసింది.

"ఏం బావా, నా గోడ దించుతున్నావా?" కొట్టాయన గట్టిగా నవ్వాడు. ఆ వీధిలో అందర్నీ బావా అనే మనిషి. "ఏం కావాలో అడిగితే నోరరిగిపోతుందా?"

"ఏం లేదు... గోడ చల్లగా..."

భార్య డొక్కలో పొడిచింది. చీటీలాయన గుటక మింగాడు. ఇరవై రెండేళ్ల పెట్టెల బరువంతా ఆ గుటకలోనే దిగింది.

"ఓ సాయం చెయ్యాలి," అన్నాడు. అని చుట్టూ చూశాడు. కప్పు కూలలేదు.

సంగతంతా విని కొట్టాయన తలకాయ గోక్కున్నాడు. "అదా! అవునోయ్, చీమలు బారులు తీరినట్టుంది రాత. నీదెప్పుడూ అంతే అనుకున్నా."

"మరి సరుకులు ఎలా ఇచ్చావ్?"

"పన్నెండేళ్ల నుంచి ఇస్తున్నా. నీ చీటీ చూసి ఎప్పుడిచ్చాను బావా? నిన్ను చూసి ఇస్తాను. ఉల్లిపాయలు, సబ్బులు, అగ్గిపెట్టెలు. పోయినవారం చెల్లాయి పురుగులని తిట్టిందని మిరియాలు మాత్రం ఏరి పెట్టా."

అయితే ఓ చిక్కుంది. తీగ మీద పైపైన ఉన్న చీటీలు పొట్లాలకి వాడేస్తాడు. శనివారం నుంచి మంగళవారం దాకా ఆ వీధిలో ఎంతమంది మిరియాలు కొన్నారో, ఆ పొట్లాలు ఎన్ని పొయ్యిల్లో పడ్డాయో! అయినా ముగ్గురూ నేల మీద కూర్చుని మూడు తీగలూ విప్పారు. ఉల్లిపాయల కోసం వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు సంచులు పక్కన పెట్టి తామూ ఓ చెయ్యి వేశారు. ఒకావిడకి తన పాత జాబితాలు కనబడ్డాయి. "ఇంత నెయ్యి తినేవాళ్లమా మేము!" అని ముక్కున వేలేసుకుంది. ఒకటిన్నర అయింది. రెండు దాటింది. పసుపు చీటీలు చాలా దొరికాయి, అన్నీ భార్య రాతలే. కొట్టేయని లాటిన్ ఒక్కటీ లేదు.

చీటీలాయన లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "పోనీలెండి. పెట్టెలు నాకు అలవాటే."

"ఆగండి," అంది భార్య. ఆవిడ నేల మీదే కూర్చుని ఉంది కాబట్టి, నిలబడ్డవాళ్లకి కనబడనిది కనబడింది. "అన్నయ్యా, ఆ కాటా కాలు కింద పసుప్పచ్చగా ఏంటది?"

కొట్టాయన నాలుక కరుచుకున్నాడు. "ఓర్నీ! ఆదివారం మిరియాలు చుట్టబోతే అట్ట బిరుసుగా ఉండి చుట్టుకోలేదు. బాగా గట్టిగా ఉంది కదా అని మడతపెట్టి కాటా కింద తోశా. మూడ్రోజులుగా ఊగకుండా నిలబడిందంటే అదే!"

పైన తూస్తున్న బంగాళాదుంపలు దించి, కాటా ఎత్తి, చీటీ లాగారు. నడిమికి మడత, మడత పక్కన తీగ గుచ్చిన చిల్లు, వెనక కాటా కాలి గుండ్రటి ముద్ర. వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు. కాటా వెంటనే ఊగడం మొదలుపెట్టింది. చీటీలాయన జేబులో ఉన్న కొట్టేసిన చీటీలన్నీ తీసి మడిచి, తన చేత్తోనే దాని కాలి కింద పెట్టాడు.

మూడుంబావుకి చీటీ పెద్దాయన బల్ల మీదుంది. అబద్ధం చెప్పాలంటే చెప్పొచ్చు, పెట్టె వెనక పడిందని. కానీ ఆ చిల్లుకీ ఆ ముద్రకీ ఏం చెబుతాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడు. శనివారం, తాళం, జేబు, ఉల్లిపాయలు, కాటా.

"గడప దాటింది," అన్నాడు రెండు డిగ్రీలాయన, ఉరిశిక్ష చదివినట్టు. "చచ్చిన చీటీ అండీ. దాన్లో ఏముందో, ఎవరు రాశారో, సాక్ష్యం ఏది?"

పెద్దాయన చీటీ మూల వేలితో సాపు చేశాడు. "సాక్ష్యం ఇక్కడుందే. టిక్కు. దాని పక్కన ఈ గీత ఎవరిదంటావ్?"

రెండు డిగ్రీలాయన వంగి చూశాడు. చూసి, మరింత వంగాడు.

"అలాంటి చీటీ చూడనేలేదన్నావు పొద్దున. పుస్తకంతో పోల్చి చూసి పెట్టావా టిక్కు, చూడకుండా పెట్టావా?"

చూడకుండా పెట్టానంటే ఉద్యోగానికి మచ్చ. చూసి పెట్టానంటే వచనంలో హాయి ఉన్నట్టే. రెండు డిగ్రీలు ఉన్నా నోరు ఒక్కటే కదా.

"చూశానండీ," అన్నాడు గొంతు సవరించుకుని. "ఇప్పుడు గుర్తొచ్చింది. తోట... పొద్దున్నే..."

"మంచిది." పెద్దాయన ఒక చేత్తో చీటీ, ఇంకో చేత్తో సరుకుల జాబితా పట్టుకుని తూచినట్టు చూశాడు. "ఇది గడప దాటి బయటికెళ్లింది. అది గడప దాటి లోపలికొచ్చింది. చెల్లుకి చెల్లు. రెండూ కట్టలోనే ఉండనీ. వందేళ్ల తర్వాత ఎవడైనా విప్పితే, ఈ మిరియాల సంగతేంటో వాడే తేల్చుకుంటాడు." కలం తీసి, మాట చివర ఖాళీ చూపించి అడిగాడు, "నీ అక్షరాలేంటోయ్?"

ఇరవై రెండేళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. చీటీలాయన చెప్పాడు. ఒకసారి సరిపోయేదే, రెండుసార్లు చెప్పాడు.

కిటికీ పక్క కుర్చీకి ఒక కాలు కుదురుగా లేదు, ఊగేది. దానికేం చేయాలో ఆయనకి బాగా తెలుసు. మర్నాటి నుంచి పెట్టెలు మోయడానికి కొత్తవాడు వచ్చేదాకా ఆయనే మోయాల్సి వచ్చింది, అది వేరే సంగతి. ఆఫీసులు అలాగే ఉంటాయి. కానీ మొదటి రోజు మెట్ల మలుపులో రెండు డిగ్రీలాయన ఎదురైతే, చీటీలాయన గోడ మాట ఎత్తలేదు.

"సార్, ఆ కొస ఓసారి పట్టండి."

రెండు డిగ్రీలాయన అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరు. పట్టాడు. నాలుగు మెట్లెక్కేసరికి అన్నాడు, "ఇంత బరువుంటుందా ఇది?"

"లాటిన్ కదండీ," అన్నాడు చీటీలాయన.

అచ్చు కాగితం రావడానికి ఐదు వారాలు పట్టింది. తొందరపడే ఆఫీసు కాదది. పెద్దాయన ఒక ప్రతి ఇంటికి తీసుకెళ్లమన్నాడు, అచ్చు కాగితానికి గడప అడ్డం లేదు. భార్య భూతద్దం పెట్టి ఆ రెండక్షరాలూ చూసి, కాసేపు ఉత్త మిషను తొక్కింది. తర్వాత సరుకులు తెమ్మని పంపింది. జాబితా రాయలేదు.

కొట్టాయన కాగితం రెండు చేతులా పట్టుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. "మళ్లీ చీమలే బావా. ఇందులో నేనెక్కడున్నాను?"

"మూడో అర్థం. హాయి."

"భలే!" అని, మాట్లాడుతూ మాట్లాడుతూనే, అలవాటైన చెయ్యి కాబట్టి, కాగితం తీసుకెళ్లి ఇనుప తీగ మొన మీద పెట్టాడు.

చీటీలాయన చెయ్యి గాల్లోకి లేచింది. ఆ తీగనీ, ఊగకుండా నిలబడ్డ కాటానీ ఓసారి చూశాడు.

"గుచ్చు," అన్నాడు. "చివరి రెండక్షరాలకి తగలకుండా గుచ్చు."